డ్యూటీలో జాతి వివక్ష చొరబడకుండా చూసుకోవడం ఎలా?

పోలీసు ఉద్యోగంలో ఉన్న ఎవరినైనా కదిపి చూడండి, "నాకు జాతి, రంగు, తెగ అన్న పట్టింపు లేదు, అందరూ ఒకటే" అంటారు. చాలామంది మనస్ఫూర్తిగానే అంటారు. కానీ ఏడాది రికార్డులు ముందేసుకుని చూస్తే, ఒకే తరహా మనుషులు పదేపదే రోడ్డు పక్కన నిలబడి జేబులు ఖాళీ చేసి చూపిస్తున్నట్టు తేలుతుంది. ఎవరికీ పట్టింపు లేకపోతే ఇది ఎలా జరుగుతోంది?

చిన్నప్పట్నుంచి విన్న మాటలు, స్టేషన్లో సీనియర్లు చెప్పిన కథలు, ఎప్పుడో ఒకసారి తగిలిన చేదు అనుభవం అన్నీ కలిసి బుర్రలో ఒక మూల కూర్చుంటాయి. వాటిని పూర్తిగా వదిలించుకోమని మీకు చెప్పను. అది ఎప్పటికి తెమిలే పని? కానీ ఎవర్ని ఆపాలి, ఎలా మాట్లాడాలి, ఏం రాయాలి అని మీరు నిర్ణయించుకునే పద్ధతి మీ చేతిలోనే ఉంది. రేపటి డ్యూటీ నుంచే దాన్ని మార్చుకోవచ్చు. ఇది ముఖ్యంగా కానిస్టేబుల్ స్థాయిలో వీధిలో తిరిగేవాళ్ల కోసం రాస్తున్నాను. పై అధికారులకు చెప్పాల్సింది చివర్లో ఉంది.

1. "ఎందుకో అనిపించి" చేసిన పనుల్ని వేరుచేయండి

నిన్నటి షిఫ్టు గుర్తు తెచ్చుకుని ఒక కాగితం మీద రాయండి. ఎవరిని ఆపారు, ఎవరిని ప్రశ్నించారు, ఎవరి బ్యాగు తెరిపించారు? ఒక్కోదాని పక్కన కారణం రాయండి. ఫిర్యాదు వచ్చిందా, వారంట్ ఉందా, మీ కళ్లెదుటే తప్పు జరిగిందా, లేక ఊరికే ఎందుకో అనిపించి ఆపారా?

వారంట్ చేతిలో ఉన్నప్పుడు మీ అభిప్రాయాలకు పెద్దగా పనిలేదు. స్పీడ్ గన్ అంకె చూపించినప్పుడూ అంతే. సమాచారం తక్కువగా ఉండి, తొందర ఎక్కువగా ఉండి, నిర్ణయం మొత్తం మీ ఒక్కరిదే అయినప్పుడు పాత అభిప్రాయాలు పని మొదలుపెడతాయి. అందుకే ఈ గైడ్ అంతా ఆ నాలుగో రకం పనుల గురించే.

అమెరికాలో ఓక్లాండ్ పోలీసులు ఈ పనిని చాలా సాదాగా చేశారు. ఎవర్నైనా ఆపినప్పుడు నింపే ఫారంలో ఒక ప్రశ్న చేర్చారు: ఈ వ్యక్తికి ఫలానా నేరంతో సంబంధం ఉందని ముందే సమాచారం ఉండి ఆపారా, లేదా? అంతే. ఉపన్యాసాలేమీ లేవు. ఆ ప్రశ్నకు జవాబు రాయాల్సి వస్తుందని తెలిసేసరికి చాలామంది ఆపే ముందు ఒక క్షణం ఆలోచించారు. 2017తో పోలిస్తే 2018లో అక్కడ ఆఫ్రికన్ అమెరికన్లను ఆపడం 43 శాతం తగ్గింది. మీ ఫారంలో అలాంటి గడి లేకపోతే మీ నోట్‌బుక్‌లో మీరే ఒకటి గీసుకోండి.

2. ఆపే ముందు కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పుకోండి

ఆ వాక్యంలో అతను ఏం చేశాడన్నది ఉండాలి. అతను ఎవరన్నది ఉండకూడదు. రెండూ వేర్వేరని అందరికీ తెలుసు, కానీ నోట్‌బుక్‌లో రాసేటప్పుడు ఒకటి రెండోదాని ముసుగేసుకుని వస్తుంది.

ఉదాహరణకి ఇలాంటి ఎంట్రీ చూడండి: "రాత్రి వేళ అనుమానాస్పదంగా సంచరిస్తున్నాడు. మమ్మల్ని చూసి తడబడ్డాడు." ఇది ఎవరి గురించైనా రాయొచ్చు. రాత్రి షిఫ్టు ముగించుకుని వెళ్తున్న నర్సు గురించి కూడా రాయొచ్చు. ఇప్పుడు దీన్ని చూడండి: "రాత్రి 1:40. వరసగా పార్క్ చేసి ఉన్న నాలుగు కార్ల డోర్లు లాగి చూశాడు. ఐదో కారు దగ్గర మమ్మల్ని చూసి చేతిలోని స్క్రూడ్రైవర్ కారు కిందకి విసిరేశాడు." ఇందులో మనిషి జాతి లేదు, దాని అవసరమూ లేదు. మీ వాక్యం రెండో దానిలా రాకపోతే ఇంకా ఆపే సమయం రాలేదని అర్థం. ఇంకాసేపు గమనించండి.

న్యూయార్క్‌లో ఈ "అనుమానాస్పదం" అనే మాట ఎంత దూరం వెళ్లిందో 2013లో అక్కడి ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పులో ఉంది. 2004 నుంచి 2012 మధ్య దాకా పోలీసులు 44 లక్షల సార్లు జనాన్ని ఆపారు. అందులో 83 శాతం నల్లజాతివాళ్లు, హిస్పానిక్‌లే (స్పానిష్ మాట్లాడే లాటిన్ అమెరికా మూలాలవాళ్లు). 88 శాతం సందర్భాల్లో అరెస్టూ లేదు, సమన్లూ లేవు, "సరే వెళ్లు" అనడమే. ఫారంలో టిక్ పెట్టడానికి వీలుగా "దొంగ కదలికలు" అనే గడి ఉండేది, దాన్ని తెగ వాడేశారు. అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఆపిన తెల్లవాళ్లలో 1.4 శాతం మంది దగ్గర ఆయుధం దొరికింది, నల్లవాళ్లలో ఒక శాతం దగ్గరే. అంటే నల్లవాళ్లని ఆపడానికి మరింత బలహీనమైన అనుమానం కూడా సరిపోయిందన్నమాట. జడ్జి షీరా షైండ్లిన్ ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పారు.

"తడబడ్డాడు" అనే కారణం గురించి ఒక మాట. నెలకు నాలుగుసార్లు సోదా ఎదుర్కొన్న కుర్రాడు ఐదోసారి యూనిఫారం చూడగానే తడబడక ఏం చేస్తాడు? మనం కలిగించిన భయాన్నే మనం సాక్ష్యంగా రాసుకుంటున్నాం. పోలీసుని చూసి దూరం జరగడం ఒక్కటే కారణంగా ఎవర్నీ ఆపకండి.

ఇంకో పరీక్ష కూడా పెట్టుకోండి. ఇదే చోట, ఇదే వేళ, ఇదే పని మీ సొంత వర్గం కుర్రాడు చేస్తుంటే ఆపేవారా? జవాబు చెప్పడానికి తడుముకుంటే ఆపకండి.

పుట్టుక ఎప్పటికీ కారణం కాదు. అది కారణమని చట్టమే చెప్పిన కాలం కూడా ఉంది. 1871లో బ్రిటిష్ పాలకులు భారతదేశంలో తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని తెగలకు తెగలనే నేరస్థుల జాబితాలో చేర్చింది. వాళ్లు పేరు నమోదు చేయించుకోవాలి, హాజరు వేయించుకోవాలి, ఎటైనా వెళ్లాలంటే పాసు తీసుకోవాలి. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. కానీ దొంగతనం జరిగిందనగానే ముందు వాళ్ల గుడిసెల వైపు జీపు తిప్పే అలవాటు చట్టంతోపాటు పోలేదు.

3. ఆనవాళ్లు అడిగి తీసుకోండి, ఫోన్ చేసినవాళ్ల అభిప్రాయాన్ని మోయకండి

"నల్లగా, పొడుగ్గా, ఇరవై ఏళ్ల కుర్రాడు" అన్నది ఆనవాలు కాదు. ఆ వర్ణనకి సరిపోయేవాళ్లు మీ బీట్‌లోనే వందల మంది ఉంటారు. చొక్కా రంగు, చెప్పులా బూట్లా, చేతిలో ఏముంది, ఎటు వెళ్లాడు, ఎంతసేపటి క్రితం అని కంట్రోల్ రూమ్‌ని అడగండి. బాధితుడు లేదా సాక్షి చెప్పిన వర్ణనలో జాతి ఒక భాగంగా ఉంటే వాడుకోవచ్చు, మిగతా వివరాలన్నీ కలిసినప్పుడు మాత్రమే. ఇంగ్లండ్‌లో సోదాలకు సంబంధించిన నియమావళి కూడా ఇదే చెబుతుంది.

ఫిర్యాదు చేసే వాళ్లకూ అభిప్రాయాలుంటాయి. "మా వీధిలో ఎవరో తిరుగుతున్నారు, మా వాళ్లలా లేరు" అని ఫోన్ వస్తుంది. "ఏం చేస్తున్నారు?" అని అడగాలి. "ఏమీ లేదు, ఊరికే నిలబడ్డారు" అంటే అక్కడ నేరం లేదు. 2018 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో ఒక కాఫీ షాపులో ఇద్దరు నల్లజాతి యువకులు మూడో వ్యక్తి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఏమీ కొనలేదని షాపు వాళ్లు పోలీసుల్ని పిలిచారు. పోలీసులు వచ్చి బేడీలు వేసి తీసుకెళ్లారు. కేసేమీ లేకుండానే వదిలేశారు. ఆ తర్వాత కమిషనర్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఫోన్ చేసినవాళ్లకి కోపం ఉంటే ఉండొచ్చు, దానికి మీరు బేడీలు సమకూర్చక్కర్లేదు.

4. మొదటి నిమిషం

ఆపాక ఎక్కువ తగాదాలు మొదలయ్యేది మొదటి నిమిషంలోనే. పరిచయం చేసుకోండి, ఎందుకు ఆపారో చెప్పండి, ఆ తర్వాతే ప్రశ్నలు అడగండి. ఈ క్రమం తిరగబడితే, అంటే "ఎక్కణ్నుంచి? ఏం పని ఇక్కడ?" అని మొదలుపెడితే, ఎదుటి మనిషికి తన ముఖమే నేరమైందని అనిపిస్తుంది. కాలిఫోర్నియాలో 2024 నుంచి చట్టమే చెబుతోంది, ప్రశ్నలకు ముందే కారణం చెప్పాలని.

మాట తీరు సంగతి చూద్దాం. ఓక్లాండ్‌లో ఒక నెలలో జరిగిన 981 ట్రాఫిక్ స్టాప్‌ల బాడీ కెమెరా మాటల్ని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వరసగా పరిశీలించారు. 2017లో ఫలితాలు అచ్చయ్యాయి. బూతులు, కేకలు కారణం కాదు. తెల్లవాళ్లతో "సర్", "సారీ అండీ, ఆపాల్సి వచ్చింది", "జాగ్రత్తగా వెళ్లండి" లాంటి మాటలు ఎక్కువ వచ్చాయి. నల్లవాళ్లతో పేరు పెట్టి పిలవడం, "చేతులు స్టీరింగ్ మీద పెట్టు" లాంటివి ఎక్కువ. అధికారి నల్లజాతివాడైనా ఇదే తేడా కనిపించింది. ఒక్కో స్టాప్‌ని విడిగా చూస్తే తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. వందల స్టాప్‌లు కలిపి చూసినప్పుడే తేడా బయటపడుతుంది.

కాబట్టి ఒక పని చేయండి. కారులో వచ్చిన పెద్దమనిషిని "మీరు" అని, రోడ్డు మీద నడిచే కూలీని "ఏరా, ఎక్కడికి?" అని పలకరించే అలవాటు మీకుంటే, అందరికీ "మీరు" అని తీర్మానించుకోండి. కుదిరితే మీ బాడీ కెమెరా రికార్డింగులు రెండు తీసి, వేర్వేరు వర్గాల మనుషులతో మీరు మాట్లాడిన మొదటి నిమిషం మాత్రం వినండి. మన గొంతు మనకే కొత్తగా వినిపిస్తుంది.

భాష రాని వ్యక్తి అయితే దుబాసీని పిలిపించండి. పక్కనున్న పిల్లల చేత తల్లిదండ్రుల స్టేట్‌మెంట్ చెప్పించకండి. పేరు ఎలా రాయాలో అడిగి, వాళ్లు చెప్పినట్టే రాయండి. తలపాగా, ముసుగు లాంటివి తీయించాల్సి వస్తే చాటుగా ఉన్న చోటుకి తీసుకెళ్లి, కారణం చెప్పి, మహిళ అయితే మహిళా పోలీసు చేత తీయించండి.

5. బాధితుడే వివక్షకు గురయ్యే వర్గం వాడైనప్పుడు

వివక్ష అనగానే సోదాలు, అరెస్టులే గుర్తొస్తాయి. నా లెక్కలో అంతకంటే పెద్ద నష్టం ఫిర్యాదు తీసుకునే బల్ల దగ్గర, నేరం జరిగిన స్థలంలో జరుగుతుంది. అక్కడ తప్పు చేస్తే అసలు నేరస్థుడే తప్పించుకుంటాడు.

1993 ఏప్రిల్ 22 రాత్రి లండన్‌లోని ఎల్తామ్‌లో బస్ స్టాప్ దగ్గర 18 ఏళ్ల నల్లజాతి యువకుడు స్టీఫెన్ లారెన్స్‌ని తెల్లజాతి కుర్రాళ్ల గుంపు పొడిచి చంపింది. అతని వెంట ఉన్న స్నేహితుడు ప్రత్యక్ష సాక్షి, తనూ బాధితుడే. వచ్చిన పోలీసులు అతన్ని అలా చూడలేదు. నెత్తురోడుతున్న స్టీఫెన్‌కి సరైన ప్రథమ చికిత్స కూడా అందలేదు. అనుమానితుల పేర్లు ఒకటి రెండు రోజుల్లోనే చేతికొచ్చినా అరెస్టులకి రెండు వారాలు పట్టింది. 1999లో మాక్‌ఫర్సన్ విచారణ నివేదిక లండన్ పోలీసు వ్యవస్థలోనే జాత్యహంకారం ఉందని తేల్చింది. ఇద్దరికి శిక్ష పడేసరికి 2012 వచ్చింది.

జర్మనీ సంగతి ఇంకా ఘోరం. 2000 నుంచి 2006 దాకా వేర్వేరు నగరాల్లో తొమ్మిది మంది హత్యకి గురయ్యారు. ఎనిమిది మంది టర్కీ మూలాలవాళ్లు, ఒకరు గ్రీకు. అందర్నీ ఒకే పిస్టల్‌తో చంపారు. పోలీసులు ఏళ్ల తరబడి డ్రగ్స్, మాఫియా, కుటుంబ కక్షలు అంటూ చనిపోయినవాళ్ల ఇళ్లనే తవ్వారు. దర్యాప్తు బృందానికి పెట్టుకున్న పేరే "బోస్ఫరస్", అంటే టర్కీలోని ఒక జలసంధి పేరు. 2007లో ఒక పోలీసు అధికారిణి కూడా అదే ముఠా చేతిలో చనిపోయింది. 2011 నవంబర్‌లో గానీ హంతకులు నియోనాజీలని, అంటే హిట్లర్ భావజాలాన్ని మోసేవాళ్లని తెలియలేదు. అదీ దర్యాప్తు వల్ల తెలియలేదు, ఒక బ్యాంకు దోపిడీ బెడిసికొట్టి బయటపడింది. "వీళ్లు ఇలాంటివాళ్లే" అన్న ఒక్క అభిప్రాయం కొన్నేళ్ల పాటు హంతకుల్ని కాపాడింది.

మీరు చేయాల్సింది ఏమిటంటే, బాధితుడో కుటుంబమో "మా జాతి వల్లే దాడి చేశారు" అంటే ఆ మాటని ఉన్నదున్నట్టు రాయండి. నిజమో కాదో దర్యాప్తులో తేలుతుంది, రాయడానికి మీ నమ్మకంతో పనిలేదు. మాక్‌ఫర్సన్ సిఫార్సు కూడా అదే: బాధితుడు గానీ మరెవరైనా గానీ జాతి ద్వేషంగా భావిస్తే దాన్ని అలాగే నమోదు చేయాలి. బాధితుణ్ని ప్రశ్నించే ముందు గాయం చూడండి. "నీకేమైనా పాత కేసులున్నాయా" అన్నది మీ మొదటి ప్రశ్న కాకూడదు. కేస్ ఫైల్లో దర్యాప్తు కోణాలు రాసేటప్పుడు ప్రతి కోణం పక్కన ఆధారం రాయండి. ఆధారం గడి ఖాళీగా ఉండి కోణం మాత్రం లావుగా ఉంటే, అక్కడ అభిప్రాయం దూరిందని పట్టుకోవచ్చు.

6. తోటి పోలీసు గీత దాటుతుంటే

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే.

2020 మే 25న మినియాపొలిస్‌లో నల్లజాతి వ్యక్తి జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు అధికారి డెరెక్ షావిన్ మోకాలు పెట్టి తొమ్మిది నిమిషాలకు పైగా తియ్యలేదు. ఫ్లాయిడ్ చనిపోయాడు. పక్కనే ఉన్న ముగ్గురు పోలీసుల్లో ఒకరు డ్యూటీలో చేరి నాలుగు రోజులే. అతను "పక్కకి తిప్పుదామా?" అని అడిగాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. సీనియర్ వద్దన్నాడు. అంతటితో ఊరుకున్నాడు. తర్వాత ఆ కొత్త పోలీసుకి ఫెడరల్ కోర్టు రెండున్నరేళ్ల జైలుశిక్ష వేసింది. అడగడం ఒకటి, ఆపడం ఒకటి అని ఆ కేసు చెప్పింది.

సీనియర్ని ఆపడం నోటికి అలవాటు లేని పని. అందుకే మాటలు ముందే సిద్ధం చేసుకోవాలి. న్యూ ఆర్లీన్స్ పోలీసులు 2016 నుంచి దీనికి ప్రత్యేకంగా శిక్షణ ఇస్తున్నారు, తోటివాణ్ని ఎలా ఆపాలో నటించి చూపించి మరీ. మీ జోడీతో డ్యూటీకి బయల్దేరే ముందే ఒప్పందం చేసుకోండి: "నేను 'ఇది నేను చూసుకుంటా, మీరు కారు దగ్గరికి వెళ్లండి' అంటే మీరు వెళ్లిపోవాలి. మీరంటే నేను వెళ్లిపోతా." మొదట ప్రశ్న, వినకపోతే సూచన, అదీ వినకపోతే చేత్తో పక్కకి తప్పించడం. మూడోదాకా వెళ్లడానికి సిద్ధపడకపోతే మొదటిది ఉత్త లాంఛనం.

స్టేషన్లో జోకుల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేవీ అంతే. కానీ గది నవ్విందంటే, అక్కడున్న కుర్రాళ్లు ఆ మాటని అనుమతిగా తీసుకుంటారు. ప్రసంగం అక్కర్లేదు. "అందులో నవ్వేందుకేముంది?" అని అడిగితే చాలు, జోకు వేసినవాడు వివరించలేక ఆగిపోతాడు. మళ్లీ మళ్లీ జరుగుతుంటే తేదీ, మాట, విన్నవాళ్ల పేర్లు రాసి పైకి పంపండి. 1979లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పోలీసు ప్రవర్తనా నియమావళి కూడా ఉల్లంఘన జరిగిందని తెలిస్తే పై అధికారులకు తెలపడం మీ విధి అంటుంది. ఇది చాడీ చెప్పడం కిందకి రాదు.

మీరే మైనారిటీ వర్గం నుంచి వచ్చిన పోలీసైతే, "వీడు తన వాళ్ల పక్షం" అనిపించుకోకూడదని సొంతవాళ్లతో మరింత కరుకుగా ఉండాలన్న ఒత్తిడి ఉంటుంది. ఆ పరీక్ష పెట్టే హక్కు ఎవరికీ లేదు.

7. నెలకోసారి లెక్క చూసుకోండి

ఎన్ని సోదాలు చేశారన్నది వదిలేసి, ఎన్నిట్లో ఏదైనా దొరికిందో చూడండి. ఆ శాతాన్ని వర్గాల వారీగా విడదీయండి. ఒక వర్గంలో సోదాలు ఎక్కువగా, దొరికింది తక్కువగా ఉంటే ఆ వర్గం మీద మీ అనుమానం అరకొర కారణాలతో నడుస్తోందన్నమాట.

"ఎక్కువ మందిని వెతికితేనే కదా దొరికేది" అని వాదించేవాళ్లుంటారు. మాడ్రిడ్ పక్కనున్న ఫుయెన్‌లబ్రాడా పట్టణంలో 2007–08లో స్థానిక పోలీసులు ప్రతి స్టాప్‌కీ ఫారం నింపి, ఒక కాపీ ఆ వ్యక్తి చేతికే ఇచ్చారు. ఆ లెక్కల్ని వలస వర్గాల ప్రతినిధులతో కలిసి కూర్చుని చూశారు. స్టాప్‌లు సగానికి పైగా తగ్గాయి. ఫలితం ఇచ్చినవి మాత్రం 6 శాతం నుంచి 17 శాతానికి పెరిగాయి. అమెరికా కస్టమ్స్ శాఖ కూడా 1999 ప్రాంతంలో ప్రయాణికుల్ని అనుమానించడానికి వాడే పొడవాటి లక్షణాల జాబితాని బాగా కుదించి, సోదాకి ముందు పై అధికారి అనుమతి తప్పనిసరి చేసింది. సోదాలు దాదాపు నాలుగింట మూడొంతులు తగ్గాయి, సరుకు దొరికే శాతం 5 లోపు నుంచి 13 దాటింది.

పై అధికారులకు చెప్పాల్సింది ఇక్కడే. రోల్ కాల్‌లో "నిన్న ఎంతమందిని ఆపారు?" అని అడిగినంత కాలం కింది వాళ్లు అంకె కోసం ఆపుతూనే ఉంటారు. అంకె కోసం ఆపేటప్పుడు ఎదురు తిరగలేనివాళ్లనే ఆపుతారు. ఆ టార్గెట్ తీసేయండి. ఒకరోజు శిక్షణ పెట్టి సర్టిఫికెట్లు పంచితే పని అయిపోయిందని కూడా అనుకోకండి. 2018లో మొదలుపెట్టి న్యూయార్క్ పోలీసులకు అలాంటి శిక్షణ ఇచ్చి, ప్రభావం కొలిచారు. పోలీసులకు విషయం తెలిసింది గానీ, వీధిలో ప్రవర్తన మారినట్టు పెద్దగా కనిపించలేదు. ఫారం, అనుమతి, లెక్క, ఈ మూడింటిని మార్చిన చోటే అంకెలు కదిలాయి.

8. మీ మీదే ఫిర్యాదు వస్తే

టెన్షన్ సహజం. ఫిర్యాదు చేసిన వ్యక్తికి ఫోన్ చేయకండి, ఇంటికి వెళ్లకండి, తెలిసినవాళ్లని పంపకండి. బాడీ కెమెరా రికార్డింగు భద్రంగా ఉందో లేదో సంబంధిత విభాగాన్ని అడిగి, అడిగినట్టు కాగితం మీద ఉంచుకోండి. ఆపేటప్పుడు రాసిన ఎంట్రీని ఇప్పుడు దిద్దకండి. గుర్తొచ్చినవి ఏవైనా ఉంటే వేరే కాగితం మీద, ఇవాళ్టి తేదీ వేసి రాయండి. విచారణలో "నాకు జాతి పట్టింపు లేదు" అన్న వాంగ్మూలం ఎవరికీ పనికిరాదు, మీకు కూడా. ఆ రాత్రి ఒంటిగంట నలభై నిమిషాలకు అతను ఏం చేస్తుండగా చూశారన్న రెండు లైన్లు మీ నోట్‌బుక్‌లో ఉంటే, వాటినే చూపించండి.